మరల సోకిన కరోనా: ఊపిరితిత్తుల చిత్రము చెప్పు సంగతులు

జ్వరము దిగిన పిమ్మట వ్యాధి ఇల్లు విడిచి పోయినదని తలచుట లోకసహజము. కరోనా విషయమున ఈ నమ్మకము నిలువలేదు. ఒకసారి సోకి కోలుకొన్నవారికే మరల సోకుట, కొందరికి మూడవసారియు సోకుట, గడచిన కొన్ని సంవత్సరములలో చాల కుటుంబములు స్వయముగా చూచిన సంగతియే. మరల సోకినదని తెలిసినంతనే ఇంటివారికి కలుగు సందేహములు మూడు. మొదటిసారి దెబ్బతిన్న ఊపిరితిత్తులు ఈసారి ఏమగును? వెంటనే స్కాను తీయింపవలెనా? తీయించిన చిత్రమున కనబడు మచ్చ పాతదా, క్రొత్తదా?

ఈ మూడింటిలో కడపటి ప్రశ్నయే మిక్కిలి ముఖ్యమైనది. పాత మచ్చను క్రొత్తదిగా భ్రమించినచో అక్కరలేని మందులు రోగి శరీరమున ప్రవేశించును. క్రొత్త వ్యాధిని పాత మచ్చయని త్రోసివేసినచో చికిత్స చేయదగిన కాలము చేజారిపోవును. ఈ రెండు ప్రమాదములనుండియు తప్పించుకొనుటకు గృహస్థులు చేయదగిన చిన్నపని యొకటి కలదు. అది ఎందులకు అవసరమో తెలియవలెనన్న, ముందుగా ఆ చిత్రములు ఎట్లు ఏర్పడునో, వానిలో ఏమి కనబడునో తెలిసికొనవలెను.

మరల సోకుట యనగా నేమి?

2019 డిసెంబరులో చైనాలోని వూహాన్ నగరమున బయలుపడిన ఈ వ్యాధికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 ఫిబ్రవరి 11వ తేదీన కోవిడ్-19 అని పేరు పెట్టినది. తొలినాళ్ళలో, ఆటలమ్మ వలె ఇదియు ఒకసారి వచ్చి పోయినచో మరల రాదని ఆశించినవారు పెక్కురు. 2020 ఆగస్టులో హాంకాంగు విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించిన విషయము ఆ ఆశను సడలించినది. అచ్చటి 33 సంవత్సరముల వ్యక్తి యొకనికి మార్చి నెలలో వ్యాధి సోకి తగ్గినది. ఆగస్టులో అతడు స్పెయిను దేశమునకు పోయి తిరిగి వచ్చినపుడు విమానాశ్రయమున చేసిన పరీక్షలో మరల వైరసు కనబడినది. రెండింటి నడుమ 142 దినముల వ్యవధి యున్నది. రెండు పర్యాయములు దొరికిన వైరసుల జన్యువులను పోల్చి చూడగా అవి వేర్వేరు శాఖలకు చెందినవని తేలినది. ఈ రెండవసారి అతనికి దగ్గు లేదు, జ్వరము లేదు, వ్యాధిలక్షణమేదియు లేదు.

ఆ సంవత్సరముననే అమెరికాలోని నెవాడా రాష్ట్రమున 25 సంవత్సరముల యువకునికి ఇందుకు విరుద్ధముగ జరిగినది. ఏప్రిలులో సోకిన వ్యాధి తేలికగానే తగ్గినది. జూను 5వ తేదీన మరల పరీక్షించునప్పటికి రక్తమున ప్రాణవాయువు తగ్గి, ఆక్సిజను పెట్టవలసి వచ్చినది. రొమ్ముకు తీసిన ఎక్సురేలో రెండు ఊపిరితిత్తులయందును అక్కడక్కడ నీడలు కనబడినవి. ఇతనిలోను రెండు వైరసుల జన్యువులు వేరనియే నిర్ణయమైనది. మరల సోకుట యనునది ఒకనికి గుర్తుకైన రాకపోవచ్చును, వేరొకనికి ఊపిరితిత్తులవరకు దిగవచ్చును అని ఈ రెండు ఉదాహరణములును తొలి సంవత్సరముననే తెలిపినవి.

అయితే పరీక్షలో మరల వైరసు కనబడినంత మాత్రమున క్రొత్తగా సోకినదని నిశ్చయింపరాదు. వ్యాధి నయమైన తరువాత కూడ నిర్జీవమైన వైరసు శకలములు ముక్కులో, గొంతులో వారముల తరబడి మిగిలియుండవచ్చును. అందుచేత భారత వైద్య పరిశోధనా మండలివారు ఒక నియమము నేర్పరచిరి. రెండు పరీక్షల నడుమ కనీసము 102 దినముల ఎడముండవలెను. ఆ నడుమ వైరసు లేదని తేల్చిన పరీక్ష ఒకటైనను ఉండవలెను. ఈ కొలతతో వారు 1300 మంది వివరములను పరిశీలింపగా 58 మందికి, అనగా నూటికి 4.5 వంతున, మరల సోకినట్లు తేలినది. ఇది ఒమిక్రాను పుట్టుటకు ముందటి లెక్క.

ముక్కులో వైరసు శకలములు మిగులునట్లే ఊపిరితిత్తులలో వ్యాధి ఆనవాళ్ళు మిగులును. అచ్చట పరీక్షను తికమక పెట్టునట్లే ఇచ్చట అవి చిత్రమును తికమక పెట్టును.

కిరణములు చూపునదేమి?

మన ఊపిరితిత్తులు తలక్రిందులుగ నిలిపిన చెట్టువంటివి. గొంతునుండి దిగిన శ్వాసనాళము బోదె. అది రెండుగ చీలి, ఆ రెండును మరల మరల చీలి, కొమ్మలు, రెమ్మలై, కడకు ఆకులవలె వాయుకోశములలో ముగియును. ఈ వాయుకోశములు కొన్ని కోట్ల సంఖ్యలో నున్నవి. ఒక్కొక్క కోశపు గోడ మిక్కిలి పలుచనిది. గాలిలోని ప్రాణవాయువు ఆ గోడ దాటియే రక్తమున చేరును.

1895 నవంబరు 8వ తేదీన జర్మనీలోని వూర్జ్‌బర్గు నగరమున రాంట్‌జన్ పండితుడు ఎక్స్ కిరణములను కనుగొనెను. ఈ కిరణములు గాలిగుండ సులభముగ పోవును. ఎముక వానిని చాలవరకు ఆపివేయును. కావున ఎక్సురే ఫిలిముపై ఎముకలు తెల్లగను, గాలి నిండిన ఊపిరితిత్తులు నల్లగను పడును. వాయుకోశములలో గాలికి బదులు నీరో, చీమో, వాచిన కణజాలమో చేరినచో ఆ చోటు తెల్లబడును. వైద్యులు ‘నీడ’ అనియు ‘మచ్చ’ అనియు చెప్పునది ఈ తెలుపునే.

ఎక్సురేలో ఒక లోపము కలదు. ప్రక్కటెముకలు, గుండె, ఊపిరితిత్తులు అన్నియు ఒకదానిపై నొకటి పడి ఒకే నీడగా కనబడును. పలుచని మచ్చ ఎముక చాటున దాగవచ్చును. ఈ లోపమును తీర్చినది సి.టి. స్కాను. ఇంగ్లండు దేశపు ఇంజనీరు గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డు నిర్మించిన యంత్రముతో 1971 అక్టోబరు 1వ తేదీన లండనులో మొట్టమొదటి రోగికి మెదడు స్కాను తీసిరి. ఈ కృషికి ఆయనకును, గణితమార్గమును చూపిన ఆలన్ కార్మాకునకును 1979లో నోబెలు బహుమానము లభించినది. అరటికాయను బజ్జీలకై పలుచని బిళ్ళలుగా తరిగినచో లోపలి గింజల వరుస కంటికి కనబడును గదా! స్కాను శరీరమును కోయకుండగనే అట్టి బిళ్ళలను చిత్రములుగ చూపును. ఒక్కొక్క బిళ్ళ మందము మిల్లీమీటరు వరకు తగ్గింపవచ్చును.

అంతియగాక, స్కాను ప్రతి బిందువుయొక్క సాంద్రతను అంకెలలో చెప్పును. హౌన్స్‌ఫీల్డు పేర వెలసిన ఈ కొలమానమున నీటికి సున్న, గాలికి 1000 తక్కువ. గాలి నిండిన ఆరోగ్యకరమైన ఊపిరితిత్తి ఈ రెంటి నడుమ గాలికే చేరువగ నుండును. వ్యాధి వలన గాలి తగ్గి ద్రవము పెరిగినకొలదియు ఈ అంకె సున్నవైపు జరుగుచుండును.

మొదటి చిత్రము

కరోనా ఊపిరితిత్తులకు దిగినపుడు స్కానులో తొలుత కనబడునది మసకగాజు వంటి నీడ. స్నానపు గది కిటికీకి బిగించు మసకగాజు గుండ ఆవలి వస్తువు పోలికగా కనబడును గాని స్పష్టముగ కనబడదు. ఇచ్చటను అంతియే. నీడ పరచుకొన్నను దాని వెనుక నున్న రక్తనాళములు కనబడుచునే యుండును. ఈ నీడలు సాధారణముగ రెండు ఊపిరితిత్తులలోను, అంచులవెంట, వెనుకభాగమున, క్రింది తమ్మెలలో హెచ్చుగ నుండును.

వ్యాధి ముదిరినచో ఆ మసకలో సన్నని గీతల వల ఏర్పడును. పగిలిన కడపరాతి ముక్కలను అడ్డదిడ్డముగ పరచి సందులలో సిమెంటు పూసిన నేలను తలచుకొన్నచో దీని స్వరూపము బోధపడును. ఇంకను ముదిరినచో వాయుకోశములు పూర్తిగ నిండి ఆ చోటు గట్టిపడిన తెల్లని ముద్దవలె కనబడును. సాధారణముగ లక్షణములు కనబడిన 10వ దినము ప్రాంతమున ఈ మార్పులు పరాకాష్ఠ నందుకొని, 14వ దినము దాటిన తరువాత కరగుట మొదలిడును.

ఈ కాలక్రమమును ఎరుగుట అవసరము. చైనాలో 121 మంది రోగుల స్కానులను పరిశీలించిన వైద్యులు, లక్షణములు మొదలైన 2 దినములలోపల స్కాను తీసిన 36 మందిలో 20 మందికి ఊపిరితిత్తులలో ఏ నీడయు లేకుండుట గమనించిరి. జ్వరము వచ్చిన మరునాడే పరుగెత్తి తీయించిన స్కాను ‘ఏమియు లేదు’ అని చెప్పినంత మాత్రమున ధైర్యపడరాదు. అది వ్యాధి లేదని కాక, ఇంకను వేళ కాలేదని చెప్పుచుండవచ్చును.

మిగిలిన ఆనవాళ్ళు

అత్యధికులలో, విశేషించి ఇంటివద్దనే ఉండి కోలుకొన్నవారిలో, ఊపిరితిత్తులు తిరిగి తేటపడును. కాని తీవ్రముగ జబ్బుపడి ఆసుపత్రిలో నున్నవారి విషయము వేరు. వూహాన్‌లో తీవ్రమైన న్యుమోనియానుండి బయటపడిన 114 మందికి 6 నెలల లోపల మరల స్కాను తీయగా 40 మందిలో ఊపిరితిత్తి గట్టిపడి ముడుచుకొన్న మచ్చలవంటి మార్పులు కనబడినవి. ఆ నగరముననే 144 మందిని 2 సంవత్సరములు వెంబడించి చూచిన మరియొక పరిశోధనలో, గడువు తీరునప్పటికి 56 మందికి ఏదో యొక ఆనవాలు మిగిలియున్నది. కాలము గడచినకొలది ఈ ఆనవాళ్ళు తగ్గుచు వచ్చినవే గాని అందరిలోను మాసిపోలేదు.

ఇప్పుడు, ఉదాహరణమునకు, ఒక గృహస్థును ఊహించుకొందము. ఆయనకు 2021 మే నెలలో వ్యాధి తీవ్రముగ సోకినది. రెండు వారములు ఆసుపత్రిలో నుండి ఇల్లు చేరెను. మరి కొన్నాళ్ళకు జలుబు, దగ్గు, జ్వరము. పరీక్షలో మరల కరోనా యని తేలినది. స్కాను తీసిరి. రెండు ఊపిరితిత్తుల క్రిందిభాగములలో గీతలును, మసకయు కనబడుచున్నవి. ఈ చిత్రమును ఒంటరిగ చూచిన వైద్యుడేమని చెప్పగలడు? అది మూడు విధములలో ఏదియైనను కావచ్చును.

మొదటిది, అది పాత వ్యాధి వదలిపోయిన మచ్చ. ఈసారి వైరసు గొంతు దాటి దిగియే యుండలేదు. రెండవది, క్రొత్తగా సోకిన వైరసు తెచ్చిన న్యుమోనియా. మూడవది, అసలు కరోనాయే కాని మరియొక వ్యాధి: సూక్ష్మజీవుల వలన కలిగిన న్యుమోనియా, గుండె బలహీనపడుట వలన ఊపిరితిత్తులలో చేరిన నీరు, లేక మన దేశమున నేటికిని తొలగిపోని క్షయ.

ఎక్సురేలను, స్కానులను చదువు వైద్యులకు వీనిని వేరుపరచు గురుతులు కొన్ని కలవు. పాత మచ్చ సాధారణముగ పదునైన అంచులు గల గీతగా, పట్టీగా నుండును. పుండు మానిన చోట చర్మము ముడుచుకొనునట్లు అది చుట్టునున్న కణజాలమును తనవైపు లాగికొనును. ఆ లాగుడుకు సమీపమున నున్న శ్వాసనాళపు కొమ్మలు వంకరలు తిరిగి వెడల్పగును. క్రొత్త నీడ మెత్తగ, అంచులు చెదరినట్లుండును, దినదినమునకు మారుచుండును. క్షయ తరచుగ పైభాగమున చేరి, కొన్నియెడల గుల్ల చేయును. గుండెజబ్బు వలని నీరు చాలసార్లు మధ్యభాగమునుండి ఇరువైపులకు వ్యాపించును, గుండె నీడయు పెద్దదగును.

ఐనను ఈ గురుతులు ఒకదానిలో నొకటి కలిసిపోవుట కలదు. నెలలనాటి మసక నీడయు, నిన్నటి మసక నీడయు చూపునకు ఒకే తీరుగ నుండవచ్చును. అట్టియెడ నిర్ణయము చేయగలది పాత చిత్రమొక్కటియే. అప్పుడును అదే చోట, అదే ఆకారమున ఆ నీడ యున్నచో అది పాతది. అప్పుడు లేక ఇప్పుడున్నచో క్రొత్తది. పొలము గట్టు జరిగినదా లేదా యని తేల్చుటకు పాత కొలతల పటము ఎంత అవసరమో ఇచ్చట పాత ఫిలిము అంత అవసరము.

రెండవసారి తేలికయా, కఠినమా?

ఈ ప్రశ్నకు రెండు పరిశోధనలు రెండు విధములుగ సమాధానము చెప్పినట్లు తోచును. ఖతారు దేశమున 2021లో వెలువడిన పరిశోధన, మరల సోకినవారు ఆసుపత్రిలో తీవ్రస్థితికి పోవుటయో మరణించుటయో మొదటిసారి సోకినవారితో పోల్చగా నూటికి 90 వంతులు తక్కువయని చెప్పినది. 2022లో అమెరికాలోని మాజీ సైనికుల వైద్య రికార్డులను పరిశీలించిన పరిశోధన, ఒక్కసారి మాత్రమే సోకినవారి కంటె మరల సోకినవారిలో ఊపిరితిత్తుల బాధలు 3 రెట్లకు పైగా నున్నవని చెప్పినది.

నిదానించి చూచినచో ఇందు వైరుధ్యము లేదు. మొదటి పరిశోధన రెండవ దెబ్బను మొదటి దెబ్బతో పోల్చినది. రెండవ పరిశోధన రెండు దెబ్బలు తిన్నవారిని ఒకే దెబ్బ తిన్నవారితో పోల్చినది. అందు చేరినవారిలో పురుషులు, వయసు మీరినవారు హెచ్చు. రెండవ దెబ్బ చిన్నదే కావచ్చును. ఐనను అసలు తగులకుండుటయే మేలు గదా!

రెండవ దెబ్బ సాధారణముగ చిన్నదగుటకు కారణములు కలవు. మొదటిది దేహమున నిలిచిన రోగనిరోధకశక్తి. రెండవది టీకా. దక్షిణ కొరియాలో ఆసుపత్రిలో చేరిన కరోనా రోగుల స్కానులను పోల్చగా, టీకా లేనివారిలో నూటికి 22 మందికి మాత్రమే న్యుమోనియా నీడ కనబడలేదు. టీకా పూర్తిగ పొందినవారిలో నూటికి 59 మందికి కనబడలేదు. మూడవది వైరసు స్వభావమున వచ్చిన మార్పు. 2021 నవంబరులో బయలుపడిన ఒమిక్రాను, హాంకాంగు పరిశోధకులు ప్రయోగశాలలో చూచినట్లు, శ్వాసనాళముల కణజాలమున డెల్టా కంటె దాదాపు 70 రెట్లు వేగముగ పెరుగును. ఊపిరితిత్తి లోపలి కణజాలమున మొదటి వైరసు కంటె మందముగ పెరుగును. చిత్రములును దీనికి తగినట్లే మారినవి. అంచులవెంట రెండువైపుల పరచుకొను నీడలకు బదులు, శ్వాసనాళముల చుట్టు చేరిన నీడలు హెచ్చుగ కనబడసాగినవి.

కాని ఈ అభయము అందరికి వర్తింపదు. మూత్రపిండము వంటి అవయవమును మార్పించుకొన్నవారు, రక్తపు కాన్సరునకు చికిత్స పొందుచున్నవారు, రోగనిరోధకశక్తిని అణచు మందులు వాడువారు వేరు తరగతికి చెందుదురు. వీరిలో కొందరికి వైరసు పూర్తిగ తొలగక నెలల తరబడి నిలిచియుండును. స్కానులో ఒకచోట నీడ కరగుచుండగా మరియొకచోట క్రొత్త నీడ లేచుచుండును. చూచువారికి మరల సోకినట్లు తోచును గాని, వాస్తవమునకు అది పోని వ్యాధియే. వీరు చిన్న జ్వరమునైనను ఉపేక్షింపరాదు.

2021 నేర్పిన పాఠము

2021 ఏప్రిలు, మే నెలలలో రెండవ ఉప్పెన వచ్చినపుడు మన పట్టణములలోని స్కాను కేంద్రముల ముందు జనము బారులు తీరిరి. ‘ఇరువదియైదుకు ఎంత?’ అను మాట ఇంటింట వినబడినది. ఆ లెక్క ఏమో తెలిసికొందము. రెండు ఊపిరితిత్తులలో కలిసి తమ్మెలు అయిదు. ప్రతి తమ్మెలో వ్యాధి వ్యాపించిన మేరను బట్టి సున్న మొదలు 5 వరకు మార్కులు వేయుదురు. నూటికి 5 వంతులకు లోబడినచో 1, 75 వంతులు మించినచో 5. అన్నియు కూడగా గరిష్ఠము 25. కో-రాడ్స్ అనునది వేరు. 2020లో నెదర్లాండ్స్ దేశపు వైద్యు లేర్పరచిన ఆ అంకె, చిత్రమును చూడగా అది కరోనా యగుటకు ఎంత అవకాశమున్నదో చెప్పును. వ్యాధి తీవ్రతను చెప్పదు. కో-రాడ్స్ 5 అని చూచి ‘అయిదుకు అయిదు వచ్చినది’ అని కుటుంబము గుండె చెదరుట అనవసరము.

మరల సోకినవారి విషయమున ఈ రెండు అంకెలును మోసపుచ్చవచ్చును. పాత మచ్చలుకూడ లెక్కలో చేరి మార్కులు పెరుగును. మన ఉదాహరణములోని గృహస్థునకు 25కు 9 వచ్చినదనుకొందము. అందు 8 పాత వ్యాధివే కావచ్చును. ఆ 9ని చూచి స్టెరాయిడు మందులు మొదలిడినచో ఏమగును? 2020లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయము నడపిన పరిశోధన, డెక్సామెథసోను అను మందు ప్రాణవాయువు అవసరమైన రోగుల మరణములను తగ్గించునని నిరూపించినది. ప్రాణవాయువు అవసరము లేనివారికి దాని వలన మేలు కనబడలేదు. స్టెరాయిడులు రక్తమున చక్కెరను పెంచును. 2021లో మన ప్రాంతములను గడగడలాడించిన నల్ల ఫంగసు వ్యాధికి, అదుపు తప్పిన మధుమేహముతోను స్టెరాయిడుల మితిమీరిన వాడుకతోను గట్టి సంబంధము కలదని వైద్యులు గుర్తించిరి. ఫిలిముపై అంకెకు గాక రోగికి చికిత్స చేయవలెనను నీతి ఇచ్చట స్పష్టము.

కిరణముల మోతాదు సంగతియు కొంత తెలియవలెను. ప్రకృతినుండియే మనకు సంవత్సరమునకు సగటున 2.4 మిల్లీసీవర్టుల కిరణప్రసారము కలుగుచుండును. రొమ్ము ఎక్సురేలో ఇది 0.1కి మించదు. సాధారణ స్కానులో 5 నుండి 7 వరకు నుండును. తక్కువ మోతాదు స్కానులో 1.5 ప్రాంతము. 2021 మే నెలలో ఢిల్లీ ఎయిమ్సు డైరెక్టరు డాక్టరు రణదీప్ గులేరియా, ఒక స్కాను 300 నుండి 400 ఎక్సురేలకు సమానమనియు, స్వల్పవ్యాధికి దాని అవసరము లేదనియు హెచ్చరించిరి. భారత రేడియాలజిస్టుల సంఘము ఆ అంకె పాత యంత్రములదని అభ్యంతరము తెలిపినది. అంకెపై వివాద మెట్లున్నను మన మెరుగవలసినది సులభము. అవసరమైనపుడు తీయు స్కాను వలన అపకారము కంటె ఉపకారమే మిక్కిలి హెచ్చు. అవసరము లేక మరల మరల తీయించుట మంచిది కాదు, విశేషించి పిల్లలకును యౌవనవంతులకును.

చిత్రము చెప్పలేని విషయములు

చిత్రము ఆకారమును చూపును, పనితీరును చూపదు. ఇల్లు చెక్కుచెదరక నిలిచియున్నను లోపల పొయ్యి రాజుచున్నదో లేదో వెలుపలి ఫోటో చెప్పజాలదు. స్కాను శుభ్రముగ నున్నను మెట్లెక్కునపుడు ఆయాసపడువారు కలరు. అది వట్టి భ్రమయని ఇంటివారు కొట్టివేయరాదు. ఆక్స్‌ఫర్డు, షెఫీల్డు నగరముల పరిశోధకులు ఇట్టివారిచేత జెనాను అను వాయువును పీల్పించి ఎం.ఆర్.ఐ. యంత్రముతో చూడగా, ఊపిరితిత్తులనుండి రక్తములోనికి వాయువు దాటుట కొందరిలో మందగించియుండుట కనబడినది. ఈ పరీక్ష సామాన్యులకు అందుబాటున లేకున్నను, ఊపిరి ఊది కొలుచు పరీక్ష, 6 నిమిషములు నడిపించి చూచు పరీక్ష మన పెద్ద ఆసుపత్రులలో జరుగుచునే యున్నవి.

సాధారణ స్కాను ఊపిరితిత్తుల రక్తనాళములో నిలిచిన నెత్తురుగడ్డను కూడ స్పష్టముగ చూపజాలదు. దానికి రక్తనాళములోనికి మందెక్కించి వేరుగ స్కాను తీయవలెను. హఠాత్తుగ ఆయాసము, రొమ్ములో పోటు, ఒక కాలు వాచుట కలిగినచో ఈ సంగతి వైద్యునకు తక్షణమే తెలుపవలెను.

గృహస్థులు చేయదగినది

మరల సోకినదని తెలిసినపుడు, జలుబు, గొంతునొప్పి, స్వల్పజ్వరము మాత్రమే యుండి, వ్రేలికి పెట్టు ఆక్సిమీటరు అంకె ఎప్పటివలె నున్నచో సాధారణముగ స్కానుతో పనిలేదు. ఆ అంకె 94కు తగ్గినను, నాలుగడుగులు నడచునంతనే ఆయాసము వచ్చినను, జ్వరము తగ్గి మరల తిరుగబెట్టినను, మనుష్యుడు మత్తుగ పడియున్నను ఆలస్యము చేయరాదు. ఏ చిత్రము తీయవలెనో అప్పుడు వైద్యుడు నిర్ణయించును. తరచుగ ఎక్సురేయే మొదటి మెట్టు. రెండు వారములు దాటిన దగ్గు, సాయంకాలపు జ్వరము, బరువు తగ్గుట యున్నచో ‘పాత కరోనా మచ్చయే’ అని సరిపెట్టుకొనక కళ్ళె పరీక్ష చేయించి క్షయ లేదని నిశ్చయించుకొనవలెను.

ఇక ఆరంభమున మేము చెప్పెదమన్న చిన్నపని ఇది. ఇంట ఎవరికి ఎక్సురే తీసినను, స్కాను తీసినను, ఫిలిమును, దానితోడి రిపోర్టును, బిళ్ళను పారవేయక ఒక కవరులో భద్రపరచవలెను. కవరుపై పేరు, తేదీ, అది జ్వరము మొదలైన ఎన్నవ దినమో వ్రాయవలెను. ఫిలిములను మడవరాదు, ఎండ, తడి తగులనీయరాదు. తేలికపాటి కాగితముపై అచ్చువేసిన చిత్రమైనచో ఆసుపత్రివారిని అడిగి బిళ్ళను గూడ తీసికొనుట మేలు. మరల జబ్బు చేసినపుడు వైద్యుడు అడుగకున్నను ఆ కవరును వెంట తీసికొనిపోయి బల్లపై పెట్టవలెను.

ఇంటి దస్తావేజులను, పిల్లల సర్టిఫికెట్లను ఎంత పదిలముగ పెట్టెలో దాచుకొందుమో, ఈ కవరునుకూడ వాని ప్రక్కనే ఉంచుకొందము. మరల జబ్బు చేసిన నాడు ‘ఇది పాతది, భయము లేదు’ అని గాని, ‘ఇది క్రొత్తది, ఇప్పుడే చేరుము’ అని గాని వైద్యుడు నిశ్చయముగ చెప్పగలుగుటకు ఆ కవరే ఆధారము.